తాళం తప్పే గుండె

ఆ మధ్యాహ్నం మూడున్నరకి ఏడుగురికి చావు రాసిపెట్టి ఉంది. ఆ సంగతి ఆ ఏడుగురికి తప్ప తెలియాల్సిన వాళ్ళందరికీ తెలుసు.

తెలియాల్సిన వాళ్ళలో ఒకడు అంతకు మూడు రోజుల ముందు, పొద్దున్న పదింటికి, ఒక పళ్ళ డాక్టరు తలుపు తట్టాడు.

"పన్ను పీకించుకోవాలి."

"పాలపన్నా, జ్ఞానదంతమా?"

"జ్ఞానం ఇంకా రాలేదు. పాలపన్నే."

అది కోడ్. కాంపౌండరు పక్కకి జరిగాడు. లోపల కుర్చీలో పెద్దాయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆయన మన గూఢచారి శాఖకి అధిపతి. డ్రిల్లు తిరుగుతుంటే పక్క గదిలోకి మాటలు వినపడవని ఆఫీసు అక్కడ పెట్టారు. ఉపాయం మంచిదే. కాకపోతే ఆ శాఖలో పనిచేసినవాళ్ళకి ఇప్పటికీ ఎవరైనా రహస్యం చెప్పబోతే పళ్ళు జివ్వుమంటాయి.

వచ్చినవాడి పేరు ఫైళ్ళలో ఏముందో గాని, అందరూ పిలిచేది ఎర్రచెవులు అని. అబద్ధమాడితే చాలు, చెవులు రెండూ కుంకుడు రసం పడ్డ కళ్ళలా ఎర్రబడిపోయేవి. గూఢచారికి ఇంతకంటే పనికిరాని జబ్బు ఉండదు. అయినా ఉద్యోగం ఊడలేదంటే, వినడంలో ఆ చెవులకి సాటి లేదు గనక. మూసిన బీరువాలో ఉన్న గడియారానికి కీ ఇచ్చి ఎన్ని గంటలైందో బయట నిలబడి చెప్పేవాడట. నేను చూడలేదు. చూసినవాడు మాత్రం నా తల మీద ఒట్టేశాడు, తన తల మీద కాదు.

"మీ బావ సంగతి," అన్నాడు పెద్దాయన.

ఎర్రచెవులకి బావ అంటే అక్క మొగుడు. వీడికి ఈ ఉద్యోగం నేర్పింది కూడా ఆయనే. ఆరేళ్ళ క్రితం కళ్ళజోళ్ళు అమ్మేవాడి వేషంలో సరిహద్దు దాటాడు. అవతలి దేశంలో మన తరఫున ఏడుగురిని నిలబెట్టాడు. వాళ్ళెవరో కాగితం మీద ఎక్కడా లేదు. ఆయన తలలో ఉంది, అంతే. కిందటేడు దొరికిపోయాడు. నలభై ఒక్క రోజులకి పోయాడని కబురు వచ్చింది. శవం రాలేదు. అక్కకి ఒక కళ్ళజోడు, ఒక చేతిగడియారం వచ్చాయి.

"మా బావ నోరు విప్పలేదని మీరే చెప్పారు."

"విప్పలేదు. ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన చెప్పకపోతేనేం, ఆయన బుర్ర చెప్పింది."

డ్రిల్లు ఒకసారి ఆగి మళ్ళీ మొదలైంది. పెద్దాయన గొంతు తగ్గించాడు.

"అక్కడ ఒకావిడ ఉంది. తల మీద వెండి తీగల టోపీ పెట్టుకుని సంగీతం చేస్తుంది. ఆ తీగలు మెదడులో లేచే తరంగాలు పట్టుకుంటాయి, ఛాతీ మీద తీగలు గుండె చప్పుడు, అరచేతిలోవి చెమట. అవన్నీ సింథసైజర్‌లోకి పోయి స్పీకర్లలో పాటై వస్తాయి. వేలితో ఏదీ మీటదు. కూర్చుంటుంది, అంతే. కచేరీ అయిపోతుంది."

"సుఖమైన ఉద్యోగం."

"ఆ టోపీ మీ బావకి పెట్టారు. ఎదురుగా అరవై ఫొటోలు, ఒకదాని తర్వాత ఒకటి. తెలిసిన మొహం కనిపిస్తే బుర్రలో ఒక తరంగం ఎగురుతుందట. మనిషి నోరు కట్టుకోగలడు గాని దాన్ని కట్టలేడు. టేపు మీదికెక్కిన ఆ తరంగాలని పాటగా కట్టడానికి ఆవిడకి ఇన్నాళ్ళు పట్టింది, కల్నల్ ఇంకా వినలేదు. టేపులో తరంగం ఎగిరిన చోటల్లా యంత్రం ఒక గంట మోగిస్తుంది. ఆదివారం మూడున్నరకి అవతలి కల్నల్ తన పైవాళ్ళు నలుగురిని కచేరీకి తీసుకొస్తున్నాడు. నోరు విప్పని మనిషి చేత కూడా నిజం పాడించే యంత్రం కనిపెట్టానని వాళ్ళ ముందు నిరూపిస్తాడట. తెర మీద ఒకటి నుంచి అరవై దాకా అంకెలు పడతాయి. జనం అదేదో మోడరన్ ఆర్ట్ అనుకుంటారు. కల్నల్ ఒళ్ళో ఆల్బమ్ ఉంటుంది. గంట మోగిన అంకెకి టిక్కు పెడతాడు."

"మనవాళ్ళని పారిపొమ్మనండి."

"వాళ్ళు రేడియో వినేది వారానికి ఒక్కసారి. ఆదివారం ఆరింటికి. మూడున్నర నుంచి ఆరు దాకా ఆ గంటలు మోగకుండా ఆపాలి. నువ్వు హమ్ మనిషివి."

"ఏం మనిషిని?"

"మెదడు సిగ్నల్ అంటే, టేపులోంచి వచ్చినా సరే, దోమ మూలుగంత. హాల్లో ఎక్కడ ట్యూబ్‌లైట్ గుయ్‌మన్నా అందులో కలిసిపోయి పాట పాడైపోతుంది. ఆ గుయ్‌నే హమ్ అంటారు. అందుకని కచేరీకి ముందు ఒక ఎలక్ట్రీషియన్ హాలంతా తిరిగి గుయ్‌మనే వాటినన్నింటినీ పీకేస్తాడు. ఆ పనివాడికి జ్వరం వచ్చింది. అంటే, మనం తెప్పించాం."

పెద్దాయన రెండు వస్తువులు చేతిలో పెట్టాడు. ఒకటి ట్యూబ్‌లైట్ చోక్. స్టేజీ కింద ఆమె తీగల పక్కన పెడితే లోపల దాచిన బ్యాటరీతో హాలంతా గుయ్‌మనిపిస్తుంది. రెండోది కరెంటు టెస్టర్. దాని పిడి నొక్కితే చోక్ మొదలవుతుంది.

"ఆవిడ ఎవరి మనిషి?"

"కల్నల్ తన మనిషి అంటాడు. నేను మన మనిషి అంటాను. ఇదంతా మనకి చెప్పింది ఆవిడే. ఆవిడ ఏమంటుందో ఎవరూ అడగలేదు."

*

ఆదివారం ఒంటిగంట. ఎర్రచెవులు ఖాకీ చొక్కా తొడుక్కుని, చెవులు కప్పే ఉన్ని టోపీ నుదుటి దాకా లాక్కుని, నిచ్చెన భుజాన వేసుకుని సరిహద్దు అవతలి కచేరీ హాల్లో దిగాడు.

పని నిజంగానే చేశాడు. వరండాలో ఆరు ట్యూబ్‌లైట్లు తీసి గోడకి ఆనించాడు. క్యాంటీన్‌లో ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు. "పాలు విరిగితే నీ చేతే తాగిస్తాను," అంది క్యాంటీన్ ఆవిడ. వాచ్‌మన్ టేబుల్ ఫ్యాన్ పీకాడు. వాచ్‌మన్ ఎదురుగా కూర్చుని పేపరుతో విసురుకుంటూ ఏడు తరాలకి సరిపడా చూశాడు.

అన్నీ ఆగిపోయాక హాలు చెవిలో దూది పెట్టినట్టయింది. ఎన్ని వస్తువులు మన చుట్టూ రాత్రీ పగలూ మూలుగుతుంటాయో అవి ఆగాక గాని తెలియదు.

"నువ్వెవరు?"

వెనక నున్నగా గీసుకున్న గడ్డం, మెరిసే గోధుమరంగు బూట్లు. కల్నల్.

"హమ్ మనిషినండి."

"ఎప్పుడూ వచ్చేవాడు?"

"జ్వరమండి. నేను వాడి పిన్ని కొడుకుని."

టోపీ కింద చెవులు కాలిపోతున్నాయి. కల్నల్ ఒక అడుగు దగ్గరికొచ్చాడు.

"ఇంత ఉక్కలో ఉన్ని టోపీ ఏమిటి? తియ్యి."

"తీశాడంటే నేను కచేరీ చెయ్యను."

మాట స్టేజీ మీంచి వచ్చింది. నల్ల గౌను, మోచేతుల దాకా తొడుగులు, నెత్తిన సాలెగూడులా మెరిసే వెండి తీగలు. వెండిటోపీ అని పేపర్లు రాసేది ఆమె గురించే. ఆమె నడిచొస్తుంటే కుర్చీలు కూడా కాస్త సర్దుకుని కూర్చున్నట్టనిపించింది.

"జుట్టులో కరెంటు ఉంటుంది కల్నల్ గారూ. ఆ టోపీ లాగితే చిటపటలన్నీ నా తీగల్లోకి వస్తాయి. మీ పైవాళ్ళకి గంటలు వినిపించాలా, వీడి చుండ్రు వినిపించాలా?"

కల్నల్ నవ్వి వెళ్ళిపోయాడు. ఆమె ఎర్రచెవుల వంక చూడకుండానే, "స్టేజీ మీద ఒక వైరు వదులుగా ఉంది, వచ్చి చూడు," అంది.

పైకి వెళ్ళాడు. ఆమె వంగి వైరు చూపిస్తున్నట్టు నటిస్తూ అడిగింది.

"పాలపన్నా?"

"పాలపన్నే."

"మీకు ఆయన ఏమవుతాడు?"

వాడు ఉలిక్కిపడ్డాడు. "ఎవరు?"

"నిలబడే తీరు ఒకటే. ఒక భుజం ఎత్తి." ఆమె తొడుగు సర్దుకుంది. "ఆ రోజు తీగలు అంటించింది నేనే. వైద్యపరీక్ష అన్నారు. గదిలోకి వెళ్ళాక తెలిసింది. మీరు నమ్మక్కర్లేదు."

వాడు వంగి వైరు బిగించడం మొదలుపెట్టాడు.

"కొన్ని ఫొటోల దగ్గర ఆయన పళ్ళు పటపటా కొరికాడు. అలా కొరికితే దవడ కండరం చప్పుడు ముందు మెదడు చప్పుడు వినపడదు, టేపంతా ఇసుక నమిలినట్టుంటుంది. మా సంగీతం వాళ్ళకి అది చెత్త. మెదడు టేపులోంచి ఆ ముక్కలన్నీ కోసి పారేసి, అంకెలు జరగకుండా ఖాళీ టేపు అతికించాను. మిగిలిన దాంట్లో ఏడు గంటలున్నాయి."

"అసలు టేపు?"

"కల్నల్ బీరువాలో. ఇవాళ బాగా జరిగితే దాని మొహం కూడా చూడడు. పాడైతే రేపు పొద్దున్నే దాన్ని ముందేసుకుని కూర్చుంటాడు." ఆమె ఒక మీట పైకి జరిపింది. "వాల్యూమ్ చూసుకోవాలి. గుండె ఒక్కటే పెడుతున్నాను."

స్పీకర్లు ఊపిరి పీల్చాయి. తర్వాత హాలంతా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

లబ్‌డబ్. లబ్‌డబ్. ఖాళీ కుర్చీల మీదుగా, తెరల మడతల్లోంచి, కాళ్ళ కింద చెక్కల్లోంచి. గదంత గుండె, లోపల తను. మెల్లగా, తొందర లేకుండా, ఎవరింటికో భోజనానికి నడిచి వెళుతున్నట్టు.

ఎర్రచెవులు నిచ్చెన పట్టుకున్నాడు. ఆ చప్పుడు వాడికి తెలుసు. ఒకసారి బావా తనూ ఖాళీ నీళ్ళ ట్యాంకులో, మూత వేసుకుని, పొద్దున్నించి సాయంత్రం దాకా ఇరుక్కుని దాక్కున్నారు. వాడి చెవి బావ ఛాతీకి ఆనుకుని ఉంది. "ఎవరూ రారు, నువ్వు కాస్త కునుకు తియ్యరా బామ్మర్దీ," అన్నాడు బావ. ఆ మాట అంటుండగా గుండె ఒక దెబ్బ ఎగ్గొట్టింది. అరనిమిషంలో ట్యాంకు చుట్టూ బూట్లు తిరిగాయి.

ఇంటికి వచ్చాక అక్కకి చెప్తే పడీపడీ నవ్వింది. "నీకు ఇప్పుడు తెలిసిందా? మీ బావ అబద్ధమాడితే గుండె ఒక దెబ్బ తప్పుతుంది. నేను చెవి ఆనించి పట్టుకుంటాను. ఎక్కడికెళ్ళావంటే ఆఫీసుకంటాడు, టక్కున ఒకటి ఎగిరిపోతుంది. నీకు చెవులు, ఆయనకి గుండె. మంచి గూఢచారులు దొరికారు ఈ దేశానికి."

ఇప్పుడు ఆ గుండె కొట్టుకుంటోంది. దాని మనిషి మట్టిలో ఎక్కడున్నాడో తెలియదు.

వెండిటోపీ మీట దించింది. ఆమె పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"ఆర్నెల్లుగా దీంతోనే ఉన్నాను. ఇప్పుడు నేను టోపీ పెట్టుకుంటే నా గుండె కూడా ఈయన వేగానికే వచ్చేస్తోంది. పక్కన ఎవరో నడుస్తుంటే తెలియకుండా అడుగు కలుస్తుంది చూడండి, అలాగ." ఆగింది. "ఆ రోజు ఆయన ఒకే ఒక్క మాట మాట్లాడారు. అరవై అయిపోయాక తీగలు విప్పబోతూ, భయంగా ఉందా అని అడిగాను. లేదు అన్నారు. టేపు అక్కడితో ఆగిపోతుంది."

*

మూడున్నర. హాలు నిండింది. మూడో వరసలో కల్నల్, అటూ ఇటూ నలుగురు పెద్ద తలకాయలు. దీపాలు ఆరాయి. తెర మీద 1 పడింది.

ఎర్రచెవులు స్టేజీ పక్క తెర వెనక నిలబడి టెస్టర్ పిడి నొక్కాడు.

ఏమీ కాలేదు.

మళ్ళీ నొక్కాడు. గట్టిగా నొక్కాడు. బతిమాలుతున్నట్టు నొక్కాడు. పిడి మర తిప్పి చూస్తే లోపల సెల్ ఉండాల్సిన చోట చుట్టిన చీటీ ఉంది. "సెల్ స్టాకులో లేదు. వచ్చిన పిదప అందజేయబడును." కింద ముగ్గురి సంతకాలు.

మన శాఖని శత్రువులు ఏమీ చెయ్యలేకపోవడానికి కారణం నేను చాలాసార్లు ఆలోచించాను. చెయ్యాల్సిందంతా మన స్టోర్స్ వాళ్ళే చేసి పెడితే ఇక వాళ్ళకి పనేముంటుంది?

చేత్తో కలపాలి, ఇంకో దారి లేదు. మధ్యాహ్నం తను పెట్టిన చోక్ స్టేజీ కింద మధ్యలో, ఆమె కుర్చీకి సరిగ్గా అడుగున ఉంది. ఎర్రచెవులు చిన్న తలుపు తీసి బోర్లా పడుకుని పాకడం మొదలుపెట్టాడు. దుమ్ము, మేకులు, ఎప్పటిదో నాటకంలో విరిగిన అట్టకత్తి. చప్పుడు కాకుండా ఒక్కో మోచెయ్యి జరపాలి. పైన గుండె కొట్టుకుంటోంది. ఇక్కడ అది చప్పుడులా లేదు. చెక్కల్లోంచి వాడి వీపులోకి దిగుతోంది.

పదకొండో అంకె దగ్గర గంట మోగింది.

సన్నటి, తేటైన గంట. జనం హాయిగా నిట్టూర్చారు. ఎర్రచెవులు కళ్ళు మూసుకున్నాడు. ఒకరు. ఏ బడిలో పాఠం చెప్పే మనిషో, ఏ కొట్లో బట్ట కొలిచే మనిషో. తన చావు మోగిందని తెలియకుండా ఈపాటికి టీ తాగుతూ ఉంటారు.

గంట వెనకే గుండె ఒక దెబ్బ తప్పింది.

వాడు దాన్ని పట్టించుకోలేదు. పాకాడు. పంతొమ్మిది దగ్గర రెండో గంట. ఇద్దరు. మళ్ళీ ఒక దెబ్బ తప్పింది. ఇరవై నాలుగు. ముగ్గురు. మేకు చొక్కాని పట్టుకుంది, విడిపించుకునేసరికి తెర మీద ముప్ఫై దాటింది.

స్టేజీ ముందు వైపు గాలి కోసం చెక్క పట్టీల కిటికీ ఉంది. దాంట్లోంచి మూడో వరస కాళ్ళు కనిపిస్తున్నాయి. గోధుమరంగు బూటు ఇందాకటిదాకా గుండెతో పాటు తాళం వేస్తూ ఉంది. ఇప్పుడు వెయ్యడం లేదు. ముప్ఫై మూడు దగ్గర నాలుగో గంట మోగగానే ఒక పెన్సిలు కిందపడి దొర్లింది. దాన్ని తియ్యడానికి ఎవరూ వంగలేదు.

నలభై. అయిదుగురు. నలభై ఏడు. ఆరుగురు.

చోక్ చేతికి అందింది. ఎర్రచెవులు పళ్ళతో వైరు తొడుగు ఒలిచి రెండు రాగి కొసలు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఒక్కటన్నా ఆపుతాను, ఏడోవాడినన్నా ఆపుతాను అనుకున్నాడు. కొసల మధ్య బియ్యపు గింజంత ఎడం ఉంది.

యాభై ఎనిమిది. గంట మోగింది.

గుండె ఒక దెబ్బ ఎగ్గొట్టింది.

వాడి చేతులు ఆగిపోయాయి. గంట, తప్పు. గంట, తప్పు. ఏడు గంటలకి ఏడు తప్పులు. గంట మోగని చోట ఎక్కడా, ఒక్కచోట కూడా, గుండె తడబడలేదు. చెవి ఆనించి పట్టుకుంటాను అన్న అక్క మాట ఆ దుమ్ములో, పక్కనే కూర్చుని చెప్పినంత దగ్గరగా వినిపించింది.

బావ అబద్ధమాడుతున్నాడు.

నోటితో కాదు, బుర్రతో. మరి నిజంగా తెలిసిన మొహాలు? వాటి దగ్గరే పళ్ళు కొరికాడు. ఆ ముక్కలు చెత్తబుట్టలోకి పోయాయి. ఇప్పుడీ రెండు కొసలు తగిలి కచేరీ పాడైతే కల్నల్ రేపు అసలు టేపు తీస్తాడు. ఇసుక నమిలిన చప్పుడు ఏయే మొహాల దగ్గర ఉందో లెక్కపెడతాడు. చచ్చిన మనిషి కట్టిన గోడని బతికున్న బామ్మర్ది తన్ని పడగొట్టినట్టవుతుంది.

చెమటకి వైరు జారింది. కొస రెండోదాని మీద పడబోతుండగా ఎర్రచెవులు తన వేలు అడ్డం పెట్టాడు. బ్యాటరీ కరెంటు మోచేతి దాకా పొడిచింది. నోట్లో చొక్కా కుక్కుకున్నాడు. హాల్లో ఒక్క గుయ్ కూడా లేదు.

యాభై తొమ్మిది. అరవై. తెర తెల్లబడింది.

ఆ తర్వాత, భయంగా ఉందా అని ఆమె అడిగిన చోట, ఏ గంటా లేకుండా గుండె ఒక్కసారి తప్పి, ఆగిపోయింది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మూడో వరసలో నాలుగు జతల బూట్లు కల్నల్ వైపు తిరిగాయి. "ఏడు నంబర్లూ చదవండి," అన్నది ఒక గొంతు. కల్నల్ గొంతు సగానికి పడిపోయింది. "ఇందులో... ఇందులో మావాళ్ళ ఫొటోలు... ఊరికే, సంఖ్య కోసం కలిపినవి..."

"యంత్రం పొరబడదని పొద్దున్న చెప్పింది మీరే కదా?"

యంత్రం తప్పంటే కల్నల్ ఉద్యోగం పోతుంది, ఒప్పంటే తన మనుషులు పోతారు. ఆయన ఎంతసేపు ఆలోచించాడో గాని, సాయంత్రానికల్లా ఆయన దగ్గర గూఢచారుల్ని వేటాడే ఏడుగురు, మన బావ ఆచూకీ తీసినవాళ్ళతో సహా, జైల్లో ఉన్నారు. ఎర్రచెవుల కబురు అంది ఆరింటి రేడియో హెచ్చరిక ఆపేశారు గనక, మన ఏడుగురూ మర్నాడు మామూలుగా కొట్లు తెరిచారు, పాఠాలు చెప్పారు. తమకి ఏం తప్పిపోయిందో వాళ్ళకి ఈనాటికీ తెలియదు.

స్టేజీ వెనక వెండిటోపీ తన తొడుగులు విప్పి ఎర్రచెవుల చేతిలో పెట్టింది. ఒకదాంట్లో చిన్న టేపు చుట్ట ఉంది.

"గుండె మాత్రమే. ఆయన ఇంటివాళ్ళకి ఇవ్వండి. నేనిక నా గుండెతో నడవాలి."

తర్వాతి కచేరీ ఆమె సొంత గుండెతోనే చేసింది. మునుపటంత బాగాలేదని పేపర్లు రాశాయి.

*

పెద్దాయన నుంచి మెమో వచ్చింది. ప్రభుత్వం వారి చోక్ వాడకుండా తిరిగి తెచ్చినందుకు సంజాయిషీ ఇవ్వాలట.

అక్క టేపు రికార్డరు వంటింటి బల్ల మీద పెట్టుకుని స్పీకరుకి చెవి ఆనించింది. ఇరవై నిమిషాలు కదల్లేదు. మధ్యలో ఏడుసార్లు ఒక్కో వేలు ముడిచింది.

"ఎలా చేశాడంటావ్?" అన్నాడు తమ్ముడు. "ముక్కూ మొహం తెలియని ఫొటోలకి తల్లో గంట ఎలా మోగించాడు?"

"నీకు తెలియదూ? బస్సెక్కితే చాలు, పక్కవాడితో వరస కలిపేవాడు కాదూ? టిక్కెట్టు చింపేలోపు కండక్టరు బాబాయి, డ్రైవరు వియ్యంకుడు. ఆ ఫొటోల్లో నుదుటి మీద యూనిఫాం టోపీ గీత ఉన్నవాణ్ణి చూసి, వీడు మా చిన్నమావయ్యే అనుకుని ఉంటాడు. అనుకున్నాడంటే నిజంగానే చుట్టమైపోయేవాడు ఆయనకి." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఏడు అబద్ధాలు. ఇంట్లో అయితే ఒక్క పూటకి చాలేవి కావు."

టేపు చివరికొచ్చింది. గుండె ఇంకొక్కసారి తప్పి, ఆగింది. అక్క తల ఎత్తింది.

"ఈ ఎనిమిదోది ఏమిటి?"

"ఏదీ లేదు," అన్నాడు. "టేపు మీద గీత పడింది. అంతే."

ఇంట్లో ఉన్నాడు గదా, టోపీ పెట్టుకోలేదు. అక్క వాడి చెవుల వంక చాలాసేపు చూసింది. తర్వాత టేపు వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది.